పసుపు మూత డబ్బా

నా ఒంటి మీద అచ్చేసిన నంబరు ఈ ఇంటిది, ఇంట్లో ఉండేవాళ్లది కాదు. వాళ్లు ఖాళీ చేసి వెళ్లినా నేను ఇక్కడే ఉంటాను. మెల్‌బోర్న్‌కి పడమరగా పాతిక కిలోమీటర్ల దూరాన టార్నీట్ అని ఉంది. అక్కడ ఒక కొత్త వీధిలో నా కాపురం. 2015లో రైలు స్టేషన్ తెరిచాక ఇళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. అంతకుముందు ఇక్కడ ఉన్నవి గడ్డీ, నల్లరాయీ, గాలీ. మొదటి రెండూ కనుమరుగయ్యాయి. గాలి మాత్రం ఉంది, వీలు దొరికినప్పుడల్లా నన్ను బోర్లా పడేస్తుంది.

నాది 240 లీటర్ల పొట్ట, పసుపు మూత. ఎర్ర మూతదానికి చెత్త, పచ్చ మూతదానికి ఆకులూ అలములూ, నాకు కాగితం, అట్ట, సీసా, రేకు డబ్బా. పక్షానికోసారి నా వంతు.

తెలుగువాళ్లు 2017లో దిగారు. దిగిన మొదటి పక్షంలోనే నా పరువు పోయింది. అబ్బాయి శుభ్రత గలవాడు పాపం. అట్టముక్కలూ పాల సీసాలూ అన్నీ పొందిగ్గా సోనా మసూరి బియ్యం సంచిలో కుక్కి, జిప్పు లాగి, నాలో దించాడు. నాలో ఏదైనా విడివిడిగా పడాలి. సంచి కట్టేస్తే లోపల ఏముందో వేరుచేసే చోట ఎవరికీ తెలియదు, పైగా ఆ ప్లాస్టిక్ నేత వెళ్లి యంత్రాలకు చుట్టుకుంటుంది. కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ) మనిషి వచ్చి మూత ఎత్తి చూసి, నా హ్యాండిల్‌కి ఒక చీటీ తగిలించి పోయాడు. వీధిలో అందరి డబ్బాలూ ఖాళీగా నిలబడితే నేనొక్కదాన్నీ నిండు కడుపుతో, మెడలో చీటీతో. ఆ సాయంత్రం అబ్బాయి చీటీ చదివి, చుట్టూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని నన్ను గబగబా లోపలికి లాక్కుపోయాడు.

నన్ను నిలబెట్టడానికీ ఒక పద్ధతి ఉంది. చక్రాలూ హ్యాండిలూ ఇంటివైపు, మూత తెరుచుకునే వైపు వీధికి. పక్క డబ్బాకీ నాకూ మధ్య కాస్త ఎడం. ఎందుకంటే లారీలో ఉండేది డ్రైవరు ఒక్కడే. ఇక్కడి బళ్లకి స్టీరింగు కుడివైపు ఉంటుంది. ఈ లారీకి ఎడమవైపున కూడా ఒకటి ఉంటుంది, రోడ్డు అంచున ఉన్న మమ్మల్ని చూసుకుంటూ నడపడానికి. ఇనప చెయ్యి చాచి నా నడుం పట్టి, పైకెత్తి, తలకిందులు చేసి, రెండు కుదుపులు కుదిపి కింద పెడతాడు. వంకరగా నిలబెడితే మూత విరుగుతుంది. నాకోసారి విరిగింది కూడా. అబ్బాయి కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే కొత్త మూత బిగించి వెళ్లారు.

కాగితాలన్నీ చివరికి నా దగ్గరికే చేరతాయి కనుక ఈ ఇంటి గుట్టు నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. రేట్స్ కట్టమనే కవర్లు ఏడాదికి నాలుగు వాయిదాలకి నాలుగు. మన ఇంటిపన్ను లాంటిదే, నన్ను మోసుకెళ్లే ఖర్చూ ఆ బిల్లులోనే. 2023 నవంబరులో విమానం సామాన్ల చీటీలు పడ్డాయి. అబ్బాయి అమ్మానాన్నలు గుంటూరు వైపు నుంచి వచ్చారు, కోడలికి నెలలు నిండుతున్నాయని.

పెద్దావిడ నన్ను చూసి, “డబ్బాకి కూడా పసుపు పూశారే!” అంది. ఆ మాటకి నేను పొంగిపోయాను. పెద్దాయన మాత్రం పొంగలేదు. “పాత పేపర్లు అమ్మితే వాడు తూచి మనకివ్వాలి గానీ, మనమే ఎదురు కట్టడమేంట్రా?” అని కొడుకుని నిలదీశాడు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది.

ఆ నవంబరు 1 నుంచే మా విక్టోరియా రాష్ట్రంలో ఖాళీ సీసాలు తిరిగిచ్చే పథకం మొదలైంది, సీసాకి పది సెంట్లు. మన లెక్కలో ఐదు రూపాయల పైమాటే. ఇక పెద్దాయనకి నేను గని అయిపోయాను. పొద్దున్నే మూత ఎత్తి, నడుం దాకా వంగి సీసాలు ఏరేవాడు. మొదటిరోజు పాల సీసాలు కూడా పట్టుకెళితే యంత్రం పుచ్చుకోలేదు, ఉత్త పాలకి ఆ పథకం వర్తించదు. తిరిగొచ్చి వాటిని నాలో విసిరి, “కోకు తాగినవాడికి పది సెంట్లు, పాలు తాగినవాడికి సున్నా. ఇదేం ప్రభుత్వంరా!” అన్నాడు.

డిసెంబరులో పాప పుట్టింది. కొద్దిరోజులకి నా పక్కనే ఒక కారు ఆగింది. కౌన్సిల్ నర్సు, పిల్లని తూచడానికి త్రాసు పట్టుకుని ఇంటికే వచ్చింది. ఆమె వెళ్లాక పెద్దాయన అడిగిన మొదటి మాట, “ఎంతిచ్చావు?” అని.

“ఏమీ లేదు నాన్నా. మూడున్నరేళ్లు వచ్చేదాకా పదిసార్లు చూస్తారు, ఊరికే.”

ఆ రోజు నుంచి రేట్స్ మీద ఆయన విసుర్లు కాస్త తగ్గాయి. నర్సు ఇచ్చిన ఆకుపచ్చ పుస్తకంలో పాప బరువూ పొడుగూ రాస్తారు. అది మాత్రం ఎన్నడూ నా దాకా రాలేదు.

సంక్రాంతికి ఇంకో తంటా. భోగిమంటలో వేద్దామని పెద్దాయన ఒక విరిగిన కుర్చీ దాచిపెట్టాడు. జనవరి అంటే ఇక్కడ నడివేసవి, నిప్పురవ్వ పడితే పొలాలు తగలబడే కాలం. “మంట పెడితే మంటలార్పే బండి వస్తుంది మామయ్యా,” అంది కోడలు. అబ్బాయి పెద్ద సామాను పట్టుకుపోయే బండికి తేదీ బుక్ చేశాడు. కుర్చీ నా పక్కన గడ్డిలో ఒక రాత్రి ఉంది. తెల్లారేసరికి బండి రాకముందే ఎవరో పట్టుకుపోయారు. ఆయన ఏమనుకున్నాడో గానీ, ఆ రోజంతా కులాసాగా ఉన్నాడు.

పక్కింట్లో ఒక పంజాబీ పెద్దాయన ఉన్నాడు. కాన్పుకని అందరూ ఆసుపత్రిలో ఉన్న రాత్రి నన్ను వీధిలోకి లాగింది ఆయనే. మరుసటి పక్షం మా పెద్దాయన ఆయన డబ్బా లాగాడు. అప్పట్నుంచి మంగళవారం రాత్రి ఎవరు ముందు బయటికొస్తే వాళ్లు రెండిళ్లవీ లాగేవాళ్లు. మా పెద్దాయనకి హిందీ రాదు, ఆయనకి తెలుగు రాదు. “సర్దార్ గారూ” అని ఈయనా, “హాంజీ” అని ఆయనా, అంతే. తర్వాత మా హ్యాండిళ్ల మీద చేతులేసుకుని చీకట్లో కాసేపు నిలబడేవాళ్లు. వీసా గడువు ముగిసి మా పెద్దాయన వెళ్లిపోయిన వారం సర్దార్ గారు వచ్చి గుమ్మం వైపు చూశాడు, కాసేపు ఆగి రెండు డబ్బాలూ ఆయనే లాగాడు.

2024 అక్టోబరులో కౌన్సిల్ ఎన్నికలు పోస్టులో జరిగాయి. ఓటు వేయకపోతే జరిమానా. అభ్యర్థుల కరపత్రాలు నాలో పడ్డాయి, ఓటు కవరు పడలేదు. వేసినట్టే.

2025లో వాళ్లు పెద్ద ఇంటికి మారారు. కరివేపాకు కుండీని కారు ముందు సీట్లో పెట్టి, బెల్టు బిగించి మరీ తీసుకెళ్లారు. నన్ను కడిగి, తుడిచి, గోడవారన పెట్టారు.

కొత్తవాళ్లు నిన్ననే దిగారు. ఈ రాత్రి నన్ను వీధిలోకి తెచ్చారు, హ్యాండిల్ రోడ్డువైపు పెట్టి. లోపల ఒక మూటకట్టిన సంచి. పక్కింటి తలుపు చప్పుడైంది. సర్దార్ గారూ, తొందరగా రండి.