సౌదాకు సౌదా

యునానీ వైద్యం ప్రకారం మనిషి ఒంట్లోని నాలుగు రసాల్లో నల్లపిత్తం ఒకటి. దాని పేరు సౌదా. అది మితిమీరినప్పుడు మనసును కమ్ముకునే దిగులు జబ్బును, గ్రీకు నుంచి అరబ్బీ మీదుగా దిగివచ్చిన మాటతో, మాలిఖూలియా అంటారు. చార్మినార్ దగ్గరి నిజామియా దవాఖానలో సౌదా అన్న మాటకు అర్థం ఈ నల్లపిత్తం కాగా, నాలుగడుగులు వేసి పత్థర్‌గట్టి బజారులోకి వస్తే అదే మాటకు ఇంటికి కొనుక్కెళ్లే సరుకు అని అర్థం. పుట్టుక వేరైనా పలుకు ఒకటే అయిన ఈ రెండు సౌదాలనూ ఒక్క డబ్బాలో కలిపిన ఘనత హకీములది కాదు. డిప్రెషన్ అనే కుంగుబాటుకు మాత్ర వాడుతున్నవారికి ‘దాంతోపాటు ఇది కూడా’ అంటూ పోషక గుళికలు అంటగట్టే నేటి వ్యాపారానిది.

ఆ వ్యాపారానికి లెక్కలు బాగా వచ్చు. వైద్యులు సాధారణంగా మొదట రాసే ఎస్కిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మాత్రలు సెరటోనిన్ అనే రసాయనం నాడీకణాల మధ్య ఎక్కువసేపు నిలిచేలా చేస్తాయి. కానీ వాటి మేలు తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, వికారం, నిద్ర చెడడం వంటి చికాకులు మాత్రం మొదటి వారంలోనే పలకరిస్తాయి. డబ్బాలో గుళికలు ముప్పై. అవి నిండుకునే వేళకు మాత్ర పని మొదలుపెడుతుంది, రోగి ముఖాన నవ్వు కనిపిస్తుంది, ఇంటిల్లిపాదీ డబ్బాకు దండం పెడతారు. సొమ్మొకడిది, సోకొకడిది. నవ్వు కనిపించకపోతే మాత్రం తప్పు డబ్బాది కాదు, ‘మాత్ర వేడి చేసింది’. లాభాన్ని గుళికకూ నష్టాన్ని మాత్రకూ రాసే ఈ పద్దులో చివరికి కొట్టివేతకు గురయ్యేది వైద్యుడు రాసిన మందే.

పాతబస్తీకి ఈ విద్య కొత్తది కాదు. ఏటా మృగశిర కార్తెకు దూద్‌బౌలికి చెందిన బత్తిని కుటుంబం ఉబ్బసానికి కొర్రమీను పిల్ల నోట పెట్టి మింగించే పదార్థం ఒకప్పుడు చేప మందు. మందు అంటే రుజువు చూపాలని హేతువాదులు నిలదీశాక అది చేప ప్రసాదమైంది. గుళికలవారు అదే బాట పట్టారు: అమ్మేటప్పుడు మందు, అడిగేటప్పుడు ఆహారం. తేడా ఒక్కటే, దూద్‌బౌలి వారు ప్రసాదానికి డబ్బు తీసుకోరు.

చేపనూనె గుళికదీ చేప కథే. అందులోని ఒమేగా-3 కొవ్వుల్లో ఇ.పి.ఎ. అనేదాన్ని మందుకు జతచేస్తే కొందరికి కొంత మేలు జరగవచ్చని కొన్ని ప్రయోగాలు సూచించిన మాట నిజం. పోషక మనోవైద్య నిపుణుల అంతర్జాతీయ సంఘం 2019లో సూచించిన మోతాదు రోజుకు ఒకటి నుంచి రెండు గ్రాములు. బజారులో దొరికే మామూలు వెయ్యి మిల్లీగ్రాముల గుళికలో ఇ.పి.ఎ. ఉండేది 180 మిల్లీగ్రాములు. అంటే రోజుకు కనీసం ఆరు మింగాలి, ముప్పై గుళికల డబ్బా ఐదో నాటికి ఖాళీ కావాలి; ‘రోజుకొకటి’ అని రాసిన చేయి ఏ శాస్త్రం చదివిందో! ఇక కుంగుబాటు రాకముందే గుళికతో ఆపవచ్చన్న ఆశను అమెరికాలో 18,353 మందిపై సుమారు ఐదేళ్లు సాగి 2021లో వెలువడిన పరీక్ష నిలబెట్టలేదు.

లోపం నిజంగా ఉన్నచోట పోషకమే మందు, అందులో వాదం లేదు. జొన్న తిండి మీద బతికేవారికి వచ్చే పెల్లాగ్రా, అంటే నియాసిన్ అనే బి3 విటమిన్ కొరవడి చర్మాన్నీ పేగులనూ మనసునూ చెరిచే జబ్బు, ఇదే హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్యల పరిశోధనాంశం, దానికి జొన్నలో అధికంగా ఉండే లూసిన్‌తో సంబంధం ఉందని వారు 1960లో లాన్సెట్ పత్రికలో వాదించారు. ఆ రోగుల దిగులు నియాసిన్‌తో తీరింది. అది జబ్బును గుర్తించి, కారణం వెతికి ఇచ్చిన పోషకం. నేటి డబ్బాకు రక్తపరీక్షతో పనిలేదు. బి12 లోపం ఉందో లేదో, థైరాయిడ్ మందగించిందో లేదో దానికి అనవసరం, కొనేవాడి జేబులో లోపం లేకపోతే చాలు.

ఇంతవరకూ పోయేది డబ్బే. కానీ ‘సహజం’ అన్న ముద్రతో వచ్చే 5-హెచ్‌.టి.పి., సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక సారం వంటివి పైన చెప్పిన మాత్రలతో కలిస్తే సెరటోనిన్ హద్దు దాటి వణుకు, జ్వరం, గుండెదడ, అయోమయం పుట్టవచ్చు. అది ప్రాణాంతకం కూడా కావచ్చు. అలాంటి డబ్బా ఇంట్లో ఉన్నవారు తర్వాతిసారి వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు దాన్ని సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టాలి. ఆయన చెప్పేవరకు మాత్రను మాత్రం ఆపకూడదు. దారిలో తీరిక ఉంటే డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవవచ్చు: ఔషధ వినియోగానికి కాదు అని అచ్చు వేయాలని 2016 నాటి ఆహార భద్రతా నిబంధనలే చెప్పాయి.