రెండు దారాల కుట్టు

మా రోజుల్లో చొక్కా గుండీ ఊడిందంటే గుడ్డ చిరిగి ఊడాలే గాని దారం విడిపోయి ఊడేది కాదు. ఇప్పుడు చూడండి. కొత్త రెడీమేడ్ చొక్కా తెస్తారు. గుండీ వెనక చిన్న దారం కొస వేలాడుతుంటుంది. బాగుండలేదని దాన్ని పట్టుకుని లాగితే గుండీ ఊడి చేతికొస్తుంది. పిల్లలు మోటుగా వాడారని ఇంట్లో వాళ్ళని తిడతారు. తప్పు పిల్లలది కాదు, కుట్టుది. కంపెనీల్లో గుండీలు కుట్టే మిషన్లు చాలావాటికి ఒకటే దారం. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతూ గొలుసు అల్లుకుంటూ పోతాయి. చివరి కొస వదులైతే మొదటిదాకా విడిపోతుంది.

మా ఊరి దర్జీ దగ్గర పనికి కుదిరిన కుర్రవాడు ముందు నేర్చుకునేది కాజాలు, గుండీలు, హెమ్మింగు. గుండీ చేత్తో కుట్టి, దాని కింద దారాన్ని గట్టిగా నాలుగు చుట్లు చుట్టి, ముడివేసి, పంటితో కొరికేవాడు. ఆ పని కుదిరితేనే మిషను మీద కూర్చోనిచ్చేవాళ్ళు.

గొలుసుకుట్టు అసలు పనికిరాదని నేననటం లేదు. బియ్యం బస్తా మూతికి అది తగిన కుట్టే. కొస దొరికితే సర్రున వస్తుంది, బస్తా తెరుచుకుంటుంది. మిరప టిక్కీలు, పత్తి బోరేలు మా చిన్నతనంలో దబ్బనంతో, పురికొసతో కుట్టేవాళ్ళు. లారీ మీంచి దొర్లించినా మూతి విడేది కాదు. ఎలాగూ విప్పాల్సిన బస్తాకి తేలిగ్గా విడిపోయే కుట్టు వేయండి, సరే. మనిషి ఒంటి మీద నిలవాల్సిన చొక్కాకి ఎందుకయ్యా?

ఈ ఒంటిదారం కుట్టుతోనే కుట్టుమిషను మొదట లోకంలో పనిలోకి దిగింది. ఇంగ్లండులో థామస్ సెయింట్ అనే ఆయన 1790లోనే తోలు కుట్టే మిషనుకి పేటెంటు తీసుకున్నాడు గాని అది కాగితం దాటి ఊళ్ళోకి రాలేదు. ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే అనే దర్జీ 1830లో పేటెంటు తీసుకుని, పారిస్‌లో ఎనభై మిషన్లు పెట్టి సైన్యానికి దుస్తులు కుట్టటం మొదలెట్టాడు. మరుసటి ఏడే అక్కడి దర్జీలు గుంపుగా వచ్చి వాటిని పగలగొట్టారు. ఆయన చివరికి పేదరికంలోనే 1857లో పోయాడు. ఆ దర్జీలని మూర్ఖులని రాస్తుంటారు కొందరు. నేను ఒప్పుకోను. మిల్లు గుడ్డ వచ్చినప్పుడు మగ్గం మీద బతికేవాడి ఇంట్లో ఏం జరిగిందో చీరాల, పేరాల, మంగళగిరి నేతగాళ్ళకి తెలుసు. భయపడటానికి వాళ్ళకి కారణం ఉంది. అలాగని తిమోనియే చేసింది తప్పూ కాదు.

రెండు దారాల కుట్టుని అమెరికాలో వాల్టర్ హంట్ 1834 ప్రాంతంలో సాధించాడు. సూదికి కన్ను తలదగ్గర కాకుండా మొన దగ్గర పెట్టటమే అందులో అసలు కిటుకు. సూది దారాన్ని గుడ్డ కిందికి తీసుకుపోతుంది. పైకి లేచేటప్పుడు కింద చిన్న ఉచ్చు మిగులుతుంది. ఆ ఉచ్చులోంచి షటిల్ రెండో దారాన్ని దాటిస్తుంది. రెండూ గుడ్డ మందంలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఒక చోట తెగినా పక్క కుట్టు తన పట్టు వదలదు. కుట్టుపని మీద బతికే ఆడవాళ్ళ నోటి దగ్గర కూడు పోతుందని హంట్ దానికి పేటెంటు తీసుకోలేదని చెబుతారు. మన ఆడవాళ్ళు గాజులకి, మంగళసూత్రానికి తగిలించుకునే పిన్నీసు కూడా ఆయన కనిపెట్టిందే. 1849లో దాని హక్కు నాలుగు వందల డాలర్లకి అమ్మేశాడు. పనితనం ఉన్నవాడికి లెక్కలు రాకపోతే ఏమవుతుందో మా వైపు మిరప రైతుకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

పేటెంటు దక్కింది ఎలియాస్ హోవేకి, 1846 సెప్టెంబరు 10న. అంతకు ముందు ఏడాది బాస్టన్‌లో చేత్తో కుట్టే అయిదుగురితో పందెం కాసి గెలిచాడు. గెలిచాడే గాని కొన్నవాడు లేడు. మిషను చేయక ముందు, ఒంట్లో బాగుండక ఆయన మంచాన పడ్డప్పుడు భార్య ఇళ్ళ నుంచి బట్టలు తెచ్చి కుట్టి సంసారం నడిపింది. ఐజాక్ మెరిట్ సింగర్ 1851లో నిటారు సూదితో, గుడ్డని నొక్కిపట్టే పాదంతో, కాలితో తొక్కే ఏర్పాటుతో మిషను తెచ్చాడు. హోవే కోర్టుకి ఎక్కి గెలిచి, ఆ తర్వాత ప్రతి మిషనుకీ ఇంత అని రాబట్టుకున్నాడు. సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ 1856లో వాయిదాల మీద అమ్మే పద్ధతి పెట్టాడు. నన్నడిగితే సూదికన్ను తర్వాత అంత గొప్ప సంగతి అదే. చేతిలో డబ్బు లేనివాళ్ళకి బతుకుతెరువు ముందు ఇచ్చి, డబ్బు తర్వాత తీసుకోవటం.

మా పిన్ని బతికింది ఆ పద్ధతి మీదే. బాబాయి పోయినప్పుడు పొలం కూడా అప్పులకి పోయింది. కలకత్తాలో తయారైన ఉషా మిషను వాయిదాల మీద తెచ్చుకుంది. ఊళ్ళో లంగాలు, జాకెట్లు, పసిపిల్లల గౌన్లు అన్నీ ఆవిడవే. మిరపకోతల రోజుల్లో పగలు చేలో కోసి, రాత్రి లాంతరు పెట్టుకుని తొక్కేది. పండక్కి ఆవిడ చేతి బట్ట కట్టని పిల్ల మా వీధిలో లేదు.

యంత్రాలంటే గిట్టని గాంధీగారు కూడా దీన్ని మినహాయించారు. 1924లో రామచంద్రన్ అనే విద్యార్థి అడిగితే, సింగర్ మిషను నిజంగా ఉపయోగపడే కొద్ది వస్తువుల్లో ఒకటన్నారు. భార్య కష్టపడి కుట్టటం చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన నమ్మారు. ఆ కథ హోవే ఇంటికే ఎక్కువ నప్పుతుందని నా ఉద్దేశం. వీటిని చేసే ఫ్యాక్టరీలు మాత్రం ప్రభుత్వం చేతిలో ఉండాలని కూడా అన్నారు. ఆ ముక్క ఎవరూ చెప్పుకోరు. చీరాల-పేరాల జనం పన్ను కట్టం అని ఊరొదిలిపోయిన గడ్డ ఇది, పెదనందిపాడు కూడా పన్ను కట్టకుండా నిలబడ్డ గడ్డ ఇది. మిషను మనిషి చేతికింద ఉండాలన్న మాట ఇక్కడివాళ్ళకి బాగానే అర్థమయ్యేది.

ఇప్పుడేం జరుగుతోంది? నల్లరేగడిలో పండిన పత్తి జిన్నింగు మిల్లులో గింజ వదిలి, 170 కిలోల బేలుగా బిగిసి ఎటో వెళ్ళిపోతుంది. ఎక్కడో నూలై, గుడ్డై, కుట్టుపడి చిలకలూరిపేట బజార్లో హ్యాంగరుకి వేలాడుతుంది. పత్తి మనది, కుట్టుకూలి మాత్రం మన ఊరికి రాదు.

ఆ వచ్చిన బట్టకైనా లోపల గుడ్డ ఉంటుందా? మా అమ్మ నా లాగులకి అడుగున నాలుగు వేళ్ళ మడత పెట్టించేది. ఎదిగినప్పుడల్లా విప్పి దింపేవాళ్ళు. విప్పిన చోట ముదురు రంగు గీత కనిపించేది. మా క్లాసులో సగం మంది లాగులకి ఆ గీత ఉండేది, ఎవరం సిగ్గుపడలేదు. ఇప్పటి ఓవర్లాక్ మిషను కుడుతూనే అంచు కోసేస్తుంది. పిల్లవాడు కాస్త ఒళ్ళు చేస్తే చొక్కా అవతల పారేయటమే.

ఊళ్ళలో మిషను చప్పుడు ఇంకా వినబడుతోందంటే జాకెట్ల పుణ్యమే. ఆది జాకెట్టు పట్టుకుని వెళ్ళే ఆడవాళ్ళే ఈ విద్యని నిలబెట్టారు. అక్కడా మగ్గం వర్కుకి వేలు పోసి, కుట్టు దగ్గర వంద ఎక్కువ అడిగితే బేరమాడతారు. బట్టని ఒంటి మీద నిలిపేది పూసలా, కుట్టా?

కుట్టుకూలి కంటే రెడీమేడే చవకంటారు. ఒక చొక్కాకి చవకే. విప్పి, వదులు చేసి, తమ్ముడికి బిగించి, చివరికి గలీబు కుట్టుకున్న చొక్కాతో లెక్కేసి చూడండి.

ఇంట్లో అటకెక్కించిన మిషను ఉంటే దించండి. నూనె వేయించండి, బెల్టు మార్పించండి, బాగుచేసే మనిషి ఇంకా ఊళ్ళో ఉండగానే. బాబిన్ చుట్టటం, కుట్టు విప్పి మళ్ళీ వేయటం, గుండీ కుట్టటం పదో తరగతి లోపు పిల్లలకి రావాలి, మగపిల్లలకి కూడా. మా హైస్కూల్లో వీటికి క్రాఫ్టు పీరియడు ఉండేది. దాన్ని ఎందుకు తీసేశారని అడిగితే ఇంతవరకూ నాకు సరైన జవాబు చెప్పినవాడు లేడు.