నేను మోగని రోజులు

చూడబోతే నేను భోజనం పళ్లెమంత కంచు బిళ్ళను. అంచున ఒక చిల్లి, చిల్లిలో ఇనుప కొక్కెం, ఆ కొక్కెం వరండా దూలానికి. పక్కనే మేకుకు ఒక కొయ్య సుత్తి వేలాడుతుంటుంది. నన్ను జేగంట అంటారు. మదురైలో వైగైకి ఉత్తరపు ఒడ్డున, సెల్లూరు సందుల్లో ఉన్న ఒక చిన్న బడి నా ఇల్లు.

నాలుగు పాళ్ళ రాగి, ఒక పాలు తగరం కలిసి కరిగితే పుట్టాను. తిరుమల నాయకుడు కట్టించిన పుదుమండపం దగ్గర ఒక పాత్రల అంగడిలో నన్ను తూకం వేసి అమ్మారు. కొన్న పెద్దాయన వేలి కణుపుతో నన్ను ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "గొంతు బాగుండాది" అన్నాడు. నేను విన్న తొలి తెలుగు మాట అది. ఆ తర్వాత బడిలో పాఠం తమిళం, పద్యం తమిళం, ప్రార్థన తమిళం. తెలుగు మాత్రం వంటింటి చాటున, నీళ్ళ తొట్టి దగ్గర, చీపురు పట్టిన చేతుల మధ్య వినిపించేది. అది మాట్లాడేది నాయకరాజుల కాలంలో వచ్చినవాళ్ళ బిడ్డలు, వాళ్ళ వెంట నడిచిన శ్రామికుల బిడ్డలు. చాలామందికి తెలుగు అక్షరం రాదు. నాలుగైదు వందల ఏళ్ళుగా నోటి మీదే కాపాడుకున్న భాష.

ఆ భాషలో నాకొక విశేషం ఉంది. కొట్టేది గంటే, గడిచేదీ గంటే. తమిళంలోనూ అంతే. మణి అంటే నేను, మణి అంటే కాలం కూడా. పిల్లలకు ఇది మాటలాట. మా బడిలో ముగ్గురికి మాత్రం ఇది కూడు.

మొదటిది ఆయమ్మ. గదులు ఊడ్చేది, మరుగుదొడ్లు కడిగేది, నన్ను కొట్టేది ఆమే. రెండోది కుట్టు టీచరమ్మ. ఆమె లెక్క పీరియడ్లతోనే. మూడోది వంటింట్లో కూరలు తరిగి గిన్నెలు తోమే అవ్వ. తక్కిన టీచర్లకు నెల జీతం. ఈ ముగ్గురికీ వచ్చిన రోజుకు, చేసిన గంటకు కూలి. నేను మోగితేనే వాళ్ళ పొయ్యి రాజుకుంటుంది. సెలవు రోజున పిల్లలు కేరింతలు కొడుతూ గేటు దాటుతుంటే, సుత్తిని మేకుకు తగిలించే ఆయమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగడం నాకు తెలుసు.

ఇది మా బడి ఒక్కదాని కథ కాదు. 2012లో తమిళనాడు ప్రభుత్వ బడుల్లో కుట్టు, చిత్రలేఖనం, వ్యాయామం లాంటివి నేర్పడానికి 16,549 మందిని పార్ట్‌టైమ్ టీచర్లుగా తీసుకున్నారు. వారానికి మూడు పూటలు, మొదట్లో నెలకు 5,000 రూపాయలు. మే నెలకు ఏమీ ఉండేది కాదు. బడి మూసిన నెలలో కడుపు కూడా మూసుకోవాలన్నట్టు!

నేను అన్నిటికంటే ఎక్కువ కాలం మూగబోయింది కరోనాలో. 2020 మార్చిలో నా సుత్తి ఆగింది. చిన్న తరగతుల పిల్లలు మళ్ళీ వచ్చింది 2021 నవంబరు 1న. ఆ పంతొమ్మిది నెలల్లో నా ముఖం నిండా చిలుము పట్టింది. ఆయమ్మ నాలుగిళ్ళలో అంట్లు తోమడానికి పోయింది. కుట్టు టీచరమ్మ ఇంట్లో కూర్చుని మాస్కులు కుట్టింది. రేషన్ కార్డుకు 2021లో రెండు విడతలుగా 4,000 రూపాయలు వచ్చాయి. ఆ డబ్బు ఆదుకుంది, కాదనను. కానీ అది కార్డును చూసి ఇచ్చిన డబ్బు. "నీ పని ఆగిపోయింది, ఇదిగో దానికి" అని ఎవరూ అనలేదు.

అలా అన్న ప్రభుత్వం ఒకటుందని ఆ రోజుల్లోనే విన్నాను. 2021 ఏప్రిల్‌లో తెలంగాణలో ప్రైవేటు బడుల టీచర్లకు, బోధనేతర సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నారు. లక్షమందికి పైగా అందుకున్నారు. చిన్న మొత్తమే. అయినా అందులో ఒక పెద్ద మాట ఉంది: బడి మూతపడితే నష్టపోయేది పిల్లల చదువు ఒక్కటే కాదు, ఆ బడిని నమ్ముకున్న చేతులు కూడా.

ఇక 2024 అక్టోబరు 25. శుక్రవారం. దీపావళికి ఆరు రోజులుంది. మధ్యాహ్నం మూడింటికి ఆకాశం నల్లబడి, కుండతో కుమ్మరించినట్టు మొదలైంది. సాయంత్రానికి పది సెంటీమీటర్లకు దగ్గరగా కురిసింది. సెల్లూరు చెరువు నిండింది, పందల్‌కుడి కాలువ పొంగింది. కట్టబొమ్మన్ నగర్ వీధుల్లో మోకాళ్ళ లోతు పారింది. కట్టబొమ్మన్ అనే వీరుడి పేరున్న పేట అది; ఆ పేరు గెట్టిబొమ్ము అనే తెలుగు పేరు నుంచి వచ్చిందంటారు. ఆయమ్మ కాపురం అక్కడే.

ఆ రోజు చివరి గంట ఆమె కొట్టలేదు. పిల్లల్ని చేతులు పట్టి దాటించడంలోనే పొద్దు గడిచింది. చీకటి పడ్డాక వరండాలోకి నీళ్ళొచ్చాయి. ఎత్తున వేలాడుతున్నాను కనుక నేను తడవలేదు. కిందికి చూస్తే బల్లలు తేలుతున్నాయి, కుట్టు మిషన్ల చక్రాలు సగం మునిగి ఉన్నాయి.

శనివారం పని రోజే. బడి తెరవలేదు. సోమవారం పొద్దున నీళ్ళు తీసిన తర్వాత ముందుగా వచ్చింది ఆయమ్మ. వెంట కోయంబత్తూరు నుంచి వచ్చిన పిన్నమ్మ.

"ఇంట్లోకి వచ్చేసినాయి పిన్నమ్మా. బియ్యం పోయె, బట్టలు పోయె. పండగ ముందర కూలీ పోయె" అంది ఆయమ్మ, పార అందుకుంటూ.

పిన్నమ్మది మేట్టుపాళయం వైపు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "మా నాడూరులో గోడ పడినప్పుడు చూస్తిని కదమ్మా" అంది. 2019 డిసెంబరు 2, తెల్లవారకముందే, వానకు నానిన ఇరవై అడుగుల గోడ విరిగి ఇళ్ళ మీద పడింది. పదిహేడు మంది పోయారు. తమిళనాట చాలామంది ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే అరుంధతీయుల పేట అది. ప్రభుత్వం మొదట 4 లక్షలన్నది, తర్వాత ఒక్కొక్క ప్రాణానికి 10 లక్షలిచ్చింది. "పోయినోళ్ళకు లెక్క కట్టినారు. మిగిలినోళ్ళు ఆ నెలంతా పనికి పోలేదు. దాన్ని ఎవరూ అడగలే" అంది పిన్నమ్మ.

ఆ మాట నాలో చాలాసేపు మోగింది.

విపత్తు సాయానికి మన దేశంలో ఒక పట్టిక ఉంది. 2024లో దాని ప్రకారం ప్రాణానికి 4 లక్షలు. పాడి ఆవుకో గేదెకో 37,500. ఇంట్లో రెండు రోజులకు మించి నీళ్ళు నిలిస్తే బట్టలకు 2,500, గిన్నెలకు 2,500. నేతగాడి మగ్గం పాడైతే 5,000. సెల్లూరు నేతగాళ్ళ ఊరు కనుక ఆ వరుస విలువ నాకు తెలుసు. ఒక్కొక్క వరుస వెనక ఎవరో ఒకరి కన్నీళ్ళున్నాయి. కానీ ఆ పట్టికలో బడి గంటకు వరుస లేదు. పశువు చనిపోతే కళేబరం కనబడుతుంది, గోడ కూలితే ఫోటో తీయవచ్చు. జరగని పీరియడుకు ఫోటో ఎలా తీస్తారు?

ఆ పట్టిక మనుషులు రాసిందే, మనుషులే మార్చవచ్చు. మా పెద్ద టీచరమ్మ తమ్ముడి కూతురు అమెరికాలో ఉంటుంది. అక్కడ అధ్యక్షుడు పెద్ద విపత్తు ప్రకటించిన చోట, దానివల్ల పని పోయినవాళ్ళకు 26 వారాల వరకు వారం వారం భత్యం ఇచ్చే చట్టం ఉందట. పోయిన పనిని కూడా కూలిన ఇల్లులాగే నష్టమని లెక్కించడం కుదురుతుందన్నమాట.

సోమవారం తొమ్మిదింటికి పెద్ద టీచరమ్మ వచ్చారు. అప్పటికి ఆయమ్మ రెండు గదుల బురద ఎత్తింది. అవ్వ వంటింటి గిన్నెలు బయట వేసి చింతపండుతో తోముతోంది. కుట్టు టీచరమ్మ మిషన్లు విప్పి, ఒక్కొక్క భాగాన్నీ తుడిచి నూనె పెడుతోంది. యాజమాన్యం తరఫున వచ్చినాయన హాజరు పుస్తకం తెరవనివ్వలేదు. బడి నడవలేదు, గంట కొట్టలేదు, రోజు ఎలా వేస్తామని ఆయన వాదన. నా పేరు చెప్పి ముగ్గురి కూలిని కొట్టేస్తున్నాడు. నాకు నోరుంటే అప్పుడు కావాలి. ఉన్నది కంచు గొంతు, అది సుత్తి పడందే పలకదు.

పెద్ద టీచరమ్మ ఆయనతో తమిళంలో ఏమీ వాదించలేదు. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని బురదలో నడిచి నా దగ్గరికొచ్చారు. మేకు మీది సుత్తి తీశారు. ఇరవై ఏళ్ళుగా నా మోతకు తరగతులు మారిన మనిషి, ఎన్నడూ నన్ను కొట్టలేదు. ఆమె కొట్టిన మొదటి దెబ్బ పక్కకు జారింది. రెండోది సరిగ్గా నడిమధ్యన పడింది.

"ఇప్పుడు మొదటి పీరియడు మొదలైంది. వేయండి రోజు" అన్నారు.

ఆ రోజంతా నలభై నిమిషాలకొకసారి మోగాను. మంగళవారం, బుధవారం కూడా. పిల్లలొక్కరూ లేని బడిలో ఎనిమిది పీరియడ్లకూ ఎనిమిది సార్లు. వీధిలో పరుపులు ఆరేసుకుంటున్నవాళ్ళు తలెత్తి చూశారు. బడి తెరిచారేమోనని ఒక చిన్నవాడు సంచి తగిలించుకుని గేటు దాకా వచ్చి, బురద చూసి, పెద్ద టీచరమ్మ వద్దన్నా వినకుండా ఒక బక్కెట్ అందుకున్నాడు.

ఆ మూడు రోజుల కూలి పండగ ముందు రోజు సాయంత్రం అందింది. యాజమాన్యం శనివారానికి మాత్రం ఒప్పుకోలేదు. నెల జీతాల టీచర్లు తలా కొంత వేసుకుని ఆ రోజు డబ్బు ఇచ్చారు. కుట్టు టీచరమ్మ తీసుకోవడానికి మొహమాటపడింది. "పెట్టుకోక్కా, పండగ" అన్నారు చిన్న టీచర్లు. ఆమె పెట్టుకుంది. కళ్ళు మాత్రం పైకెత్తలేదు.

ఆ దించుకున్న కళ్ళ గురించే నేనీ కథ చెబుతున్నాను. ఇదే ఊళ్ళో రాణి మంగమ్మ సత్రం ఉంది. బాటసారికి నీడనిచ్చిన తెలుగు రాణి చెయ్యి చల్లనిది. కానీ సత్రం దారిన పోయేవాళ్ళ కోసం. ఆయమ్మ దారిన పోయే మనిషి కాదు. పొద్దున్నే బడి తాళం తీసేది ఆమె, సాయంత్రం వేసేది ఆమె. ఆమెకు దొరకవలసింది దయ కాదు, లెక్క. ఆ వరద తర్వాత చెరువు నుంచి వైగై దాకా సిమెంటు కాలువకు దాదాపు 12 కోట్ల రూపాయలు ప్రకటించారు. మంచిదే, రేపటి నీళ్ళకు దారి దొరుకుతుంది. నీళ్ళొచ్చిన రోజు కూలికి కూడా ఒక దారి వెయ్యాలి. వాన వల్ల బడి మూసిన ప్రతి రోజూ, గంట లెక్కన పనిచేసేవాళ్ళకు అది పనిరోజేనని ముందుగానే రాసి పెట్టుకుంటే చాలు. వాన వచ్చాక వెతుక్కోనక్కర లేదు.

నవంబరు 4న పిల్లలు వచ్చారు. ఆయమ్మ నన్ను తడిగుడ్డతో తుడిచి, చింతపండు రాసి, కొట్టింది. ఆమె చేతి దెబ్బ ఎప్పుడూ పక్కకు జారదు.

నా కింద గోడ బల్ల మీద హాజరు పుస్తకం తెరిచి ఉంటుంది. 28, 29, 30 గళ్ళలో ఆయమ్మ తమిళంలో పెట్టిన సంతకాలున్నాయి, తడి చేతితో పెట్టినందుకు సిరా కొంచెం పాకింది. 26వ తేదీ గడి ఖాళీగా ఉంది. గాలికి పేజీ తిరిగినప్పుడల్లా నా చూపు ఆ గడి మీదే పడుతుంది.

ఆ రోజు నేను మోగలేదు. కానీ ఆమె వచ్చింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో గేటు దాకా వచ్చి, తాళం ముట్టుకుని, వెనక్కి వెళ్ళింది. నేను చూశాను.