హైదరాబాద్ వదిలి వైజాగ్ వెళ్ళేవారికి ఉచిత సలహాలు

హైదరాబాద్ ట్రాఫిక్‌తో విసుగెత్తి, సముద్రం పక్కన కాపురం పెడదామనుకునే వాళ్ళు ముందుగా చేయాల్సిన పని ఒకటుంది. డిసెంబరు ఆఖరి వారంలో వైజాగ్‌కి మూడు రోజుల ట్రిప్పు వేయండి. బీచ్ రోడ్డులో హోటల్ తీసుకోండి. ఒకరోజు కైలాసగిరి, ఒకరోజు అరకు, బొర్రా గుహలు, మిగిలిన రోజు కురుసుర జలాంతర్గామి. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ, చల్లగాలికి జుట్టు ఎగురుతుంటే, "బతుకంటే ఇదీ" అని మీరూ మీ ఆవిడా ఒకరితో ఒకరు అనుకోండి. ఇల్లు మారే నిర్ణయం ఆ గట్టు మీదే తీసేసుకోవాలి. మే నెలలో వచ్చి ఓ వారం ఉండి చూడమనీ, అదీ హోటల్లో కాదు, ఎవరైనా చుట్టాలింట్లో ఏసీ లేని గదిలో పడుకుని చూడమనీ చెప్పేవాళ్ళు తగులుతారు. మీరు బాగుపడటం వాళ్ళకి ఇష్టం లేదు.

సామాను లారీకి ఆషాఢ పౌర్ణమి మంచి రోజు. ఆషాఢంలో ఇల్లు మారకూడదని పెద్దవాళ్ళంటారు గనక, మీకు లారీ తేలిగ్గా దొరకచ్చు. ముందు రోజు మధ్యాహ్నం నుంచే సింహాచలం గిరిప్రదక్షిణ మొదలవుతుంది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. హనుమంతవాక, అప్పూఘర్, ఎన్ఏడీ, గోపాలపట్నం, ఎటు చూసినా నడిచే జనమే. మీ లారీ కూడా వాళ్ళ వెనకాలే భక్తిగా నడుస్తుంది. ఫ్రిజ్జుకీ, బీరువాకీ కాస్త పుణ్యం దక్కితే మంచిదేగా.

ఆ లారీలో అన్నిటికంటే ముందు ఎక్కాల్సింది ఎయిర్ కూలర్. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన, దక్కన్ పీఠభూమి మీద ఉంది. అక్కడిది పొడి ఎండ. 40 దాటినా ఆరేసిన చొక్కా గంటలో ఎండుతుంది, కూలరు గడ్డి మీద పడ్డ నీళ్ళు ఆవిరై గాలిని చల్లబరుస్తాయి. వైజాగ్‌లో అయితే 35 డిగ్రీలే. 40 కంటే 35 తక్కువ, లెక్క తేలిపోయింది. అప్పటికే తేమతో నిండిపోయిన గాలిలోకి కూలరు మరింత తేమ ఊదుతుందనీ, అందువల్ల ఒంటి మీద చెమట అసలే ఆరదనీ ఎవరైనా అంటే, ఫిజిక్స్ పదో తరగతితో వదిలేశామని చెప్పండి. కిటికీలన్నీ బిగించి, కూలరు ఫుల్లులో పెట్టి, ఎదురుగా కూర్చోండి. తెల్లారేసరికి దుప్పటి పిండుకోవచ్చు. దీన్ని అక్కడివాళ్ళు ఉక్కపోత అంటారు, మీరు మాత్రం "సముద్రపు గాలి" అనే అనండి.

తోలు బూట్లు, తోలు బెల్టులు, ప్లైవుడ్ అల్మారాలు, తాతగారి పుస్తకాలు, అన్నీ తెచ్చుకోండి. వానాకాలం వెళ్ళేసరికి బూట్ల మీద పచ్చటి బూజు కూడా మీదే.

ఇల్లు మాత్రం సముద్రానికి ఎదురుగానే చూసుకోవాలి. బ్రోకరు "సీ వ్యూ సార్" అని బాల్కనీ మూలకి తీసుకెళ్ళి, మెడ ఎడమకి వంచమని, రెండు అపార్ట్‌మెంట్ల సందులో జేబురుమాలంత నీలం చూపిస్తాడు. ఆ జేబురుమాలుకి నెలకి ఎంత అద్దె ఎక్కువ కడుతున్నారో అడక్కండి. అడిగితే చూడబుద్ధి కాదు.

ఆ సందులోంచి వచ్చేది గాలి ఒక్కటే కాదు, ఉప్పు కూడా. ఈ ఊరి అసలు ఇంటి ఓనరు ఆ ఉప్పే. ఇనప గ్రిల్లు, గేటు కీళ్ళు, గీజరు స్క్రూలు, గ్యాస్ స్టవ్ కాళ్ళు, దేన్నీ వదలదు. నమ్మకం లేకపోతే బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్ల కింద నిలబడి తలెత్తి చూడండి. ఒక్కో ఏసీ కింద గోడ మీద గోధుమరంగు చార కింది అంతస్తు దాకా కారి ఉంటుంది. మెకానిక్ వచ్చి అవుట్‌డోర్ యూనిట్ మూత విప్పి, లోపలి అల్యూమినియం రేకుల మీద బొటనవేలితో ఒక్కసారి రాస్తాడు. రేకులు పొడిపొడిగా రాలి అతని చెప్పుల మీద పడతాయి. "కాయిల్ పోయింది సార్. అప్పుడప్పుడూ మంచినీళ్ళతో కడుక్కోవాలి, ఉప్పు దిగిపోద్ది" అంటాడు. కడక్కండి. ఏసీని కడగడమేమిటి, అదేమన్నా గేదా? తప్పదనుకుంటే బోరు నీళ్ళతో కడగండి. తీరానికి దగ్గర్లో చాలా బోర్లలో ఉప్పునీరే పడుతుంది కనక, పోయిన ఉప్పు పోయినచోటికే తిరిగి చేరుతుంది.

గ్రిల్లుకి రెడ్ ఆక్సైడ్ కొట్టించి, ఆపైన పెయింట్ వేయించమని పక్కింటి మాస్టారు చెబుతారు. ఆయన రిటైరైన మనిషి, ఆయనకి వేరే పనేముంది? ఇనుము బదులు అల్యూమినియమో యూపీవీసీయో వేయించమని కూడా అంటారు. మీరు హైదరాబాద్ నుంచి తెచ్చిన ఇనప ఉయ్యాలని బాల్కనీలో వేలాడదీసి, రెండేళ్ళ తర్వాత దాని మీద నిశ్చింతగా ఊగండి.

చేపల సంగతి. తాజా వంజరం తినాలంటే సరైన కాలం మే నెల. చుట్టాలందరినీ గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి పిల్లల సెలవులకి అప్పుడే పిలవండి. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. పోతే పోయింది, ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి బోట్లన్నీ ఒకచోట కట్టేసి ఉండగా ఫోటో తీసుకోవచ్చు. అక్కడే బుట్ట ముందు కూర్చున్నావిణ్ణి "ఇది ఇవాళ పట్టిందేనా అమ్మా?" అని అడగండి. "ఏట నేదు బావూ, ఐసుది" అని ఆవిడ ఉన్నమాట చెప్పేస్తుంది. నమ్మకండి, బేరం కోసం అలా అంటోందని మీ వాళ్ళతో గుసగుసలాడండి. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూడ్డం మర్యాద కాదు. ఇంకా గొప్పగా కనపడాలంటే పులస అడగండి. అది గోదావరికి వరదనీళ్ళొచ్చినప్పుడు ఎదురీదే చేప, వైజాగ్ సముద్రానికీ ఆ రుచికీ సంబంధం లేదని అక్కడ పదిమందీ నవ్వుతారు. పరిచయాలు ఇలాగే పెరుగుతాయి.

మాటకి ముందు "మా హైదరాబాద్‌లో అయితే" అనడం మరవద్దు. టీ కప్పు ముందూ, బిర్యానీ ముందూ, ఆటో ఎక్కే ముందూ అనాలి. దిగేటప్పుడూ అనాలి.

సముద్రస్నానం దగ్గర మాత్రం వేళాకోళం కొంచెం తగ్గించుకుంటాను. అలలు విరిగి పడుతున్నచోట భయంగా ఉంటుంది, మధ్యలో ఒక పాయ మాత్రం నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. మా సలహాల పుస్తకం ప్రకారం అక్కడే దిగాలి. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి లాక్కుపోయేది ఆ పాయలోంచే. లాగేసినప్పుడు ఒడ్డు వైపు శక్తికొద్దీ ఎదురీదమని కూడా పుస్తకంలోనే ఉంది. తీరానికి సమాంతరంగా పక్కకి ఈది, ఆ పాయ దాటాక ఒడ్డుకి తిరగమని లైఫ్‌గార్డులు అంటారు. ఈ ఒక్కచోట పుస్తకం మూసేసి లైఫ్‌గార్డుల మాట వినండి.

తుపాను గురించి భయపడాల్సింది ఏమీ లేదు. పోర్టులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని టీవీలో వస్తే, పదికి పది వచ్చాయని సంతోషించండి. 11 దాకా ఉంటుంది ఆ లెక్క. అప్పటికి చెప్పేవాళ్ళతో సంబంధాలే తెగిపోయి ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సరిగ్గా ఈ ఊరి మీదే తీరం దాటింది. గాలి గంటకి సుమారు 180 కిలోమీటర్లు. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, కొండల మీద చెట్లు మోడులై నిలబడ్డాయి, చాలా పేటలకి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళు ఇప్పటికీ అక్టోబరు వస్తే బాల్కనీలో పూలకుండీలు లోపల పెట్టుకుంటారు. చాదస్తం. మీ కుండీలు అక్కడే ఉంచండి. గాలి వాటిని ఎదురింటి అద్దాల దాకా తీసుకెళ్ళగలదు.

కరెంటు పోతే మోటారు ఆడదు, మోటారు ఆడకపోతే పై ట్యాంకులోకి నీళ్ళెక్కవు. కాబట్టి బిందెలు నింపుకోవడం మీ స్థాయికి తగదు. చేతిలో నగదు కూడా ఉంచుకోకండి, ఫోన్లో ఉన్నాయిగా. టవర్లు పడిపోయిన ఊళ్ళో పాలవాడికి క్యూఆర్ కోడ్ చూపించమని అడగడంలో ఒక ఠీవి ఉంది.

ఇక అసలు ఘట్టం. గంటలపాటు కిటికీలు ఊగిపోయి, తలుపు సందుల్లోంచి నీళ్ళు చిమ్మి, ఒక్కసారిగా గాలి నిలిచిపోతుంది. వాన తగ్గుతుంది, ఆకాశం కాస్త తెల్లబడుతుంది. పిల్లల్ని తీసుకుని వెంటనే డాబా ఎక్కండి, విరిగిపడ్డ చెట్లని వీడియో తీయండి. వచ్చింది తుపాను కన్ను మాత్రమేననీ, అది దాటగానే గాలి రెండోవైపు నుంచి, మునుపటంత జోరుతోనే తిరిగి కొడుతుందనీ పక్కింటి మాస్టారు మెట్ల మీంచి అరుస్తుంటారు. రిటైరైన మనిషి అని ముందే చెప్పాను.

చివరగా మీ కారు. వేరే రాష్ట్రం బండి 12 నెలలకు మించి ఇక్కడ తిరిగితే, పాత ఆర్టీవో దగ్గర ఎన్ఓసీ తీసుకుని ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం అంటోంది. ఆ జోలికి పోకండి, మళ్ళీ లైఫ్ ట్యాక్సు కట్టమంటారు. కానిస్టేబుల్ ఆపితే, "సముద్రం చూడ్డానికొచ్చామండీ, రేపు వెళ్ళిపోతాం" అనండి. వెనక సీట్లో పిల్లాడి స్కూలు బ్యాగు, ముందద్దం మీద ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ పార్కింగ్ స్టిక్కరు ఉన్నా ఫర్వాలేదు. ఆయన ఏమీ వాదించడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు అంచున తుప్పు తిన్నచోట వేలుపెట్టి చూసుకుని, "ఎన్నేళ్ళయింది సార్ చూడబట్టి?" అని అడుగుతాడు.