నాపబండల కోళ్లగూడు చెప్పుకున్న కథ

నా ఒళ్లంతా నాపరాయే. మైలవరం, జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల్లో పలకలు పలకలుగా లేచే రాయి. ఊరు దాటితే దాన్నే కడప బండ అంటారు. మంచి బండలన్నీ లారీలెక్కి పోగా, మూలలు విరిగి ఎవరూ కొననివి అవ్వ పెరట్లోకి వచ్చాయి. మూడు పక్కలా నిలబెట్టి, పైన ఒకటి పరిచి, ముందు చిన్న తలుపు బిగించి నన్ను తయారుచేశారు. ఎండాకాలం పైబండ పెనంలా కాలుతుందని అవ్వ దానిమీద కందికట్టె కప్పుతుంది.

రాయికి పురుగేం పడుతుందని అనుకుంటారు. రాయికి పట్టదు, సందుకు పడుతుంది.

కోళ్లకు పేలు పట్టాయని ఊరంతా అంటుంది గానీ, ఆ పేలలో సగం నావి. ఈకల మొదట్లో పాకే పేలు కోడి ఒంటిమీదే పుట్టి, ఒంటిమీదే చస్తాయి. ఎర్రపేల దారి వేరు. పగలంతా నా బండల అతుకుల్లో, కోళ్లు ఎక్కి పడుకునే కట్టె చివర్ల కింద నక్కి ఉంటాయి. చీకటి పడ్డాక బయటికొచ్చి నెత్తురు తాగి, తెల్లారేలోపు మళ్లీ నాలోకే దూరతాయి. తిండి దొరక్కపోయినా నెలల తరబడి బతికే మొండి జాతి. పగలు కోడిని ఎత్తి రెక్క విప్పి చూసినవాడికి ఒక్కటీ కనపడదు. రాత్రి టార్చి వేసి కట్టె కింద తెల్లగుడ్డ రుద్దితే నెత్తుటి మరకలు తేలతాయి.

అందుకే కోడిమీద చల్లే మందు సగం వృథా. అవ్వ చిన్నప్పుడు గమాక్సిన్ పొడి చల్లేవాళ్లట. అది బీహెచ్‌సీ, 1997లో మన దేశంలో దాన్ని నిషేధించారు. డబ్బున్న దేశాలు మాత్రం తక్కువ తిన్నాయా? ఈ ఎర్రపేల కోసమే నెదర్లాండ్స్, బెల్జియం కోళ్లఫారాల్లో వాడిన మందులో ఫిప్రోనిల్ అనే పురుగుమందు కలిసింది. 2017లో అది గుడ్లలో బయటపడి, లక్షల గుడ్లు పారబోయాల్సి వచ్చింది. కోడి ఒంటికి తగిలింది గుడ్డులోకి రాకుండా ఎక్కడికి పోతుంది?

అవ్వ మందు కొనలేదు. కోళ్లు బయట తిరిగే వేళ చూసి నా వెనకబండ ఊడదీసింది. మసిలే నీళ్లు అతుకుల్లో పోసింది. కట్టె చివర్లకు వేపనూనె పూసింది. ఎండలో బాగా ఆరాక సందులన్నీ సున్నంతో మెత్తి, లోపలంతా సున్నం కొట్టింది. వారం ఆగి మళ్లీ వేడినీళ్లు పోసింది, గుడ్లలోంచి కొత్తగా లేచినవాటి కోసం. వేపాకు పొగ గురించి కూడా చెప్పాలి. దోమలను తరుముతుంది, నిజమే. నా సందుల్లోని పేలకు అది లెక్కలోకి రాదు. పైగా కోడి ఊపిరితిత్తులు సున్నితం, లోపల కోళ్లుండగా పొగ పెట్టడం వాటికే చేటు. సీతాఫలం గింజల పొడి పేలను చంపుతుంది గానీ కంట్లో పడితే మహా ప్రమాదం. పిల్లలున్న ఇంట్లో వద్దంది అవ్వ.

పేల పని అయ్యాక మిగిలింది రెట్ట వాసన. ఆ సంగతి ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదివే మనవరాలు తేల్చింది.

"సున్నం చల్లినా కంపు తగ్గలేదు పాపా, ఇంకా ఎక్కువైంది," అంది అవ్వ.

"తడి రెట్టమీద చల్లినావా అవ్వా? ఎక్కువైతాది. కోడికి వేరే మూత్రం లేదు. రెట్టమీద తెల్లగా ఉంటాదే, అదే మూత్రం. తడి తగిలితే సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియా చేస్తాయి. సున్నం పడితే అదంతా ఒక్కసారిగా గాలిలోకి లేస్తాది. బూడిదైనా అంతే."

"అయితే సున్నం గోడకి, బూడిద కోళ్లు పొర్లే గుంతకి, నేలకి పొట్టు. అంతేనా?"

అంతే. నా నేలమీద శెనక్కాయ పొట్టు మందంగా పరిచారు. రోజూ కట్టెతో తిరగేస్తారు, తడిసిన ముద్దను ఎత్తి పెంటలో వేస్తారు. అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది మాత్రం నీళ్ల మూకుడును నాలోంచి తీసి బయట పెట్టడం. కోళ్లు ఒలకబోసిన నీళ్లే కంపుకు సగం కారణం. ఈగల సంగతీ అంతే. మా ఎండలకు తడి రెట్టలో ఈగ గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లోనే కొత్త ఈగ లేస్తుంది. ఆ లోపు రెట్ట ఎత్తేస్తే చాలు, పురుగు ఈగ కాకముందే పోతుంది.

బూడిద గుంత బయట, వేపచెట్టు కింద. పొయ్యి బూడిద, పెన్నేటి ఇసుక కలిపి పోశారు. మధ్యాహ్నం కోళ్లు అందులో పొర్లి, రెక్కలు విదిలించి, మళ్లీ పొర్లుతాయి. సన్నటి పొడి పేల ఒంటిమీది మైనం పొరను గీకేసి వాటిని ఎండగడుతుంది. గ్యాసు పొయ్యి వచ్చాక ఇళ్లలో బూడిద కరువైంది. అవ్వ స్నానానికి నీళ్లు ఇంకా కందికట్టెమీదే కాచుకుంటుంది కాబట్టి మా కోళ్లకు కొదవ లేదు. ప్లాస్టిక్ సంచి ఒక్కటి పొయ్యిలో పడినా ఆ పూట బూడిద గుంతలోకి రానివ్వదు.

మొన్న పక్కింటాయన ఇలాంటి గూడే కట్టుకుంటానని వచ్చి నన్ను జానలతో కొలుచుకున్నాడు. సిమెంటుతో గట్టిగా అతికిస్తానన్నాడు.

"మిగతా బండలు అతికించుకో నాయనా," అంది అవ్వ. "వెనకబండ మాత్రం ఊడొచ్చేట్టు పెట్టు. నీళ్లు పొయ్యాలంటే చెయ్యి దూరాల కదా!"