పళ్లకు వేసిన శిక్ష

నా తెలివితక్కువతనం చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. దాచుకుంటే ఇంకొకరి పళ్లు పాడవుతాయేమోనన్న భయం మాత్రం ఉంది. ఏళ్ల తరబడి రాత్రిళ్లు పులితేన్పులతో లేచి, లేచిన వెంటనే బ్రష్ పట్టుకుని, నా పళ్లను నేనే అరగదీసుకున్నాను.

అరకులో సైన్సు మాస్టారిగా పనిచేస్తున్నాను. ఇక్కడ చలికాలం నెగడు దగ్గర కూర్చుంటే కబుర్లకు అంతుండదు, భోజనం పదింటికి గాని తెమలదు. బొంగు చికెనో, చింతపండు పులుసో ఉంటే చెయ్యి ఆగదు. ఆపైన ఒక గ్లాసు కాఫీ. చుట్టూ కాఫీ తోటలు పెట్టుకుని కాఫీ వద్దనడం నా వల్ల అయ్యేది కాదు. తిన్నది అరగకముందే దుప్పటి ముసుగుపెట్టి పడుకునేవాణ్ణి. అర్ధరాత్రి దాటాక గొంతులో మంట, నోట్లోకి పుల్లటి నీళ్లు. లేచి, గట్టి కుచ్చు బ్రష్ మీద ఉప్పు కలిపిన బొగ్గుపొడి వేసి, ఆ పులుపు పోయేదాకా తోమేవాణ్ణి. నోరు ఇంత శుభ్రంగా ఎవరుంచుకుంటారని లోలోపల గర్వం కూడా. పొద్దున్నే అజీర్తికి మంచిదని నిమ్మరసం తాగేవాణ్ణి.

మొదట చన్నీళ్లకు పళ్లు జివ్వుమన్నాయి. కొండ నీళ్లు చల్లన, అంతేలే అనుకున్నాను. తర్వాత ముందు పళ్ల అంచులు పలచబడి, వాటిలోంచి వెలుతురు కనిపించసాగింది. నాలుకతో తడిమితే పై పళ్ల లోపలివైపు నున్నగా తగిలేది. ఆ నునుపు కూడా శుభ్రమేనని నమ్మాను.

విశాఖలో పళ్ల డాక్టరుగారు చిన్న అద్దం నోట్లో పెట్టి పై పళ్ల వెనకవైపే చాలాసేపు చూశారు. “మాస్టారూ, రాత్రిళ్లు పులితేన్పులు వస్తాయా?” అన్నారు. పళ్ల కోసం వెళ్తే కడుపు సంగతి అడుగుతారేమిటనుకున్నాను. కడుపులోంచి ఆమ్లం ఎగదన్నేవాళ్లకు ముఖ్యంగా అరిగేది ఆ వైపేనట.

“వచ్చాక ఏం చేస్తారు?”

“వెంటనే తోముకుంటానండీ.”

ఆయన అద్దం పక్కన పెట్టేశారు. “ఆమ్లం తగిలిన ఎనామిల్ కాసేపు మెత్తగా ఉంటుంది. అప్పుడు తోమితే ఆ పొర కాస్తా బ్రష్‌తో ఊడిపోతుంది.”

నాకు తెలియని విషయమైతే ఇంత బాధపడేవాణ్ణి కాదు. పిల్లల్ని బొర్రా గుహలకు తీసుకెళ్లి, వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలుచని ఆమ్లమై సున్నపురాయిని ఎలా కరిగించిందో చెప్పినవాణ్ణి. సున్నపురాయి ముక్క మీద నిమ్మరసం పిండి, బుసబుస పొంగే బుడగలు చూపించినవాణ్ణి. మామూలు వాననీటి పీహెచ్ సుమారు 5.6. పంటి ఎనామిల్ దాదాపు 5.5 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. కడుపులోని ఆమ్లానిది 1, 2 ప్రాంతం. ఒక్కో అంకె తగ్గితే ఆమ్లం పదింతలు. ఈ లెక్క బోర్డు మీద రాసిన చేత్తోనే రాత్రిళ్లు బ్రష్ పట్టుకున్నాను! పైగా పగలు నోట్లోకి వచ్చిన పులుపును లాలాజలం కడిగేస్తుంది. నిద్రలో లాలాజలం ఊరడమూ తక్కువ, మింగడమూ తక్కువ. రాత్రి వచ్చింది పళ్లనే అంటిపెట్టుకుని ఉండిపోతుంది.

ఇప్పుడు భోజనం ఏడింటికల్లా ముగిస్తున్నాను, పడుకునేది పదింటికి. కాఫీ పొద్దుటి పూటకే. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు ఎత్తు చేశాను. అంతకుముందు దిండు మీద దిండు వేసి చూశాను గాని, నడుం దగ్గర వంగి పొట్ట నొక్కుకోవడం తప్ప ఫలితం లేదు. ఎడమవైపు తిరిగి పడుకుంటే పులుపు పైకెక్కడం తగ్గింది. అయినా ఎప్పుడైనా వస్తే, గ్లాసు నీళ్లలో చెంచాడు తినేసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేస్తున్నాను. బ్రష్ జోలికి పోను. మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు వచ్చాయి, బొగ్గుపొడి పోయింది. కడుపుకు వేరే డాక్టరుగారు మాత్రలు రాశారు. ముద్ద మింగుడుపడకపోయినా, ఊరికే బరువు తగ్గుతున్నా, విరేచనం నల్లగా అవుతున్నా ఒక్కరోజు కూడా ఆగకుండా రమ్మన్నారు. ఏజెన్సీలో ఆస్పత్రి దూరమని రోజులు నెట్టేవాళ్లం మనం, అందుకే ఆ మాట ఇక్కడ రాస్తున్నాను.

మెత్తబడిన పొర లాలాజలంలోని కాల్షియంతో మళ్లీ గట్టిపడగలదు. ఊడిపోయింది మాత్రం తిరిగి రాదు. నా ముందు పళ్లకు పంటి రంగు సిమెంటు పెట్టారు.

పిల్లల విషయంలోనూ ఇదే తప్పు చేశాను. విశాఖ వెళ్లేటప్పుడు అనంతగిరి ఘాట్ మలుపుల్లో ఎవరో ఒకరికి వాంతి అవుతుంది. దిగగానే “పళ్లు తోముకో పో” అని నేనే పంపేవాణ్ణి. వాంతిలో వచ్చేదీ కడుపులోని ఆమ్లమే కదా. ఈసారి నీళ్ల సీసా ఇచ్చి, బాగా పుక్కిలించమన్నాను. ఓ పిల్ల బ్రష్ తీయబోతే, గంటసేపు ఆగమ్మా అన్నాను. ఎందుకు మాస్టారూ అంది. రోడ్డు పక్కనే కూర్చోబెట్టి మొత్తం చెప్పాను.