ఆరు గంటల నోటీసు: టీకా తాత్పర్య సహితం

మూలం

ప్రథమ సంవత్సర విద్యార్థులందరు ప్రతిదినము ఉదయము 6 గంటలకు మైదానమునకు రావలెను. రాని వారికి హాజరు వేయబడదు. – వార్డెన్

అవతారిక

ఇంటర్ రెండేళ్లూ అపార్టుమెంటులాంటి భవనంలో, తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా కూర్చుని, కూర్చోవడంలో ఆరితేరి, ర్యాంకు చేతబట్టుకుని ఇంజినీరింగు కాలేజీలో చేరిన పిల్లలు మొదటి మిడ్ నాటికి నిద్ర పట్టక, మెస్సు తిండి సయించక, ఇంటికి ఫోను చేసి ఏడుస్తున్నారని విని, కరుణాంతరంగులైన వార్డెను గారు ఈ నోటీసు రచించి మెస్సు గోడకు అంటించారు. మెదక్ సీమకు చెందిన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని నియమం పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాతకు ఆ నియమం కుదరదు. నోటీసులో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ.

టీక

ప్రథమ సంవత్సర = పదిహేడు నిండి పద్దెనిమిదిలోకి నడుస్తున్న. ఇది సంధికాలం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 17 ఏళ్ల దాకా రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచాలి. 18 వచ్చాక వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ చాలు. అంటే రాత్రి పన్నెండింటికి రూమ్మేట్లు మొహానికి కేకు పులిమే క్షణంలో, వారానికి 420 నిమిషాల బాకీ కాస్తా 150కి దిగిపోతుంది. ఇంతటి రుణమాఫీ ఏ ప్రభుత్వమూ చేయలేదు. అయితే మాఫీ సంగతి తెలిసిన రైతే లేడు.

విద్యార్థులందరు = ఇక్కడ లింగ విచారం తప్పదు. ఉదయం ఆరింటికి ఈ పదంలో ఆడపిల్లలూ చేరతారు. సాయంత్రం ఆరింటికి చేరరు, అప్పటికి వాళ్ల హాస్టల్ గేటు పడుతుంది గనక. గేటు పడ్డాక మూడో అంతస్తు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు, చెవిలో ఫోనుతో, ‘తిన్నానమ్మా, తిన్నాను’ అంటూ గంటసేపు తిరిగే అమ్మాయిల నడకను ఏ రిజిస్టరులోనూ రాయరు. వ్యాఖ్యాత లెక్కలో వారం బాకీలో సగం అక్కడే తీరుతోంది.

ప్రతిదినము = వ్యాయామం చేయించే పీడీ సారు సెలవు పెట్టని దినము.

6 గంటలకు = గ్రాఫిక్స్ షీటు, ఫిజిక్స్ రికార్డు ముగించి రెండింటికి పడుకున్న వాడికి నాలుగు గంటల నిద్ర అయ్యాక. ఎవరో పెన్నుతో 6ను 8గా దిద్దారు. దీన్ని లేఖక ప్రమాదమని కొందరు తోసిపుచ్చారు గానీ, నిద్ర తక్కువైన వాడికి మనసు మరింత చిరచిరలాడుతుందన్నది అందరి అనుభవం కనుక, పాఠశుద్ధి దృష్ట్యా 8 అనే పాఠమే గ్రాహ్యం.

మైదానమునకు = గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున అని లక్షణతో అర్థం చెప్పుకున్నట్టే, మైదానం అంటే మైదానం ఒడ్డున, అనగా సిమెంటు గట్టు మీద. లోపల పొద్దుటిపూట బస్సులు నిలుపుతారు.

రావలెను = వచ్చుట మాత్రమే విహితం. పరుగెత్తవలెను అనిగాని, ఆడవలెను అనిగాని క్రియ లేదు. అధ్యాహారం చేసుకుందామన్నా రెండో వాక్యం ఒప్పుకోదు.

హాజరు = ఈ నోటీసుకు జీవగర్ర. మొదటి ఏడాది పిల్లవాడి గుండెలో దడ పుట్టించే మాటల్లో బ్యాక్‌లాగ్ తరవాత ఇదే. 75 శాతం కిందికి జారితే కండోనేషన్ ఫీజు, 65 కిందికి జారితే డిటెన్షన్. ఆ దడ తగ్గించడానికి పుట్టిన నోటీసు ఆ దడతోనే పని జరిపించుకుంటోంది.

విశేషాలు

పూర్వపక్షం: వ్యాయామం వ్యాయామమే గదా, తోలుకెళ్లి చేయించినా ఒంటికి మంచిదే గదా?

ఇందులో సగం ఒప్పుకోవాలి. వైవాలో సారు ఎదుట నిలబడగానే గుండె వేగం పెరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, అడ్రినలిన్, కార్టిసాల్ ఊరతాయి. ఒళ్లు పారిపోవడానికో కలబడడానికో సిద్ధమవుతుంది. పిల్లవాడు మాత్రం కదలకుండా నిలబడి ‘సార్... సార్...’ అంటాడు. కాళ్ల కోసం సిద్ధమైన సరంజామా కాళ్లకు అందదు. అందుకే సాయంత్రం నాలుగు రౌండ్లు పరుగెత్తిన వాడికి తేలికగా ఉంటుంది, రాత్రి నిద్రా పడుతుంది.

మిగతా సగానికే పేచీ. ఒత్తిడి శాస్త్రానికి ఆద్యుడైన హన్స్ సెల్యే 1936లో ఎలుకల మీద పరీక్షలు చేసి, ఏ బాధ పెట్టినా శరీరం ఒకే తీరున స్పందిస్తోందని ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు. ఆయన పెట్టిన బాధల జాబితాలో చలి ఉంది, శస్త్రగాయం ఉంది, మితిమీరిన వ్యాయామమూ ఉంది. ఎలుకల ఇష్టం ఎవరూ కనుక్కోలేదు. ఆయన కంటే చాలా ముందే సుశ్రుతుడు, బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలన్నాడు. నుదుట, చంకల్లో చెమట పట్టి నోరెండితే అదే సగమని వెనకటి వ్యాఖ్యాతలు గుర్తు చెప్పారు.

ఈ అర్ధబల సూత్రాన్ని ఆంధ్రప్రదేశ్‌లో జేఎన్‌టీయూలు అక్షరాలా పాటించాయి. బీటెక్ ఆర్23 సిలబస్‌లో మొదటి ఏడాది ‘హెల్త్ అండ్ వెల్‌నెస్, యోగా అండ్ స్పోర్ట్స్’ అని ఒక కోర్సు పెట్టి, దానికి 0.5 క్రెడిట్ ఇచ్చాయి. రంపం పట్టి చెక్క కోసే ఇంజినీరింగ్ వర్క్‌షాప్‌కు 1.5. చెక్కతో పోలిస్తే ఒళ్లు మూడో వంతన్నమాట. వెటకారం అటుంచితే, అసలు చోటు దొరకడమే మెచ్చుకోవలసిన సంగతి. కానీ క్రెడిట్ వచ్చిన చోటికి రికార్డు వస్తుంది. సూర్యనమస్కారాలు చేసేవాళ్ల కంటే వాటి పన్నెండు బొమ్మలూ స్కేలు పెట్టి గీసి సంతకం పెట్టించుకునేవాళ్లే ఎక్కువ.

సిద్ధాంతం హాస్టల్ వెనకాల ఉంది. సాయంత్రం బస్సులు కదిలాక అక్కడ వాలీబాల్ మొదలవుతుంది. నెట్టులో సగం చిరిగితే నవారుతో ముడేశారు. చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచిన ఒకడు బంతి గీత లోపలే పడిందని అమ్మతోడుగా వాదిస్తుంటాడు. ఎం-వన్ లెక్కల మిడ్‌లో గుండ్రంగా సున్నా మిగిలిన సంగతి ఆ గంటసేపు వాడికి జ్ఞాపకం ఉండదు. పిలవకుండానే వచ్చాడు, ఓడితే రేపు మళ్లీ వస్తాడు. అక్కడ రిజిస్టరు పట్టుకుని ఎవరూ నిలబడలేదు.

తాత్పర్యం

ఓ ఫస్టియర్ పిల్లలారా! నిద్ర చాలించి వచ్చి గట్టు మీద కూర్చొని, పేరు పిలవగానే పలికి, తిరిగి పోయి పడుకొనుడని భావం.

ప్రక్షిప్తం

నోటీసు అడుగున వేరే చేతిరాతతో ‘టిఫిన్ టోకెన్ గ్రౌండ్‌లోనే ఇస్తే అందరం వస్తాం సార్’ అని ఒక వాక్యం కనిపిస్తుంది. ఛాందసులు దీన్ని మూలంలో భాగంగా అంగీకరించరు. దాని కిందనే మరో చేతిరాత, గుండ్రటి అక్షరాలతో, ‘సాయంత్రం గేటు ఏడింటిదాకా తెరవండి సార్, పొద్దున మేం రాం’ అంది. దీనికి ఇంకా ఎవరూ వ్యాఖ్యానం రాయలేదు. నోటీసు మాత్రం మార్చారు. కొత్తదానికి అద్దం బిగించారు.